పాలకీ గోపాలుడికీ చుట్టరికం ఉందా?

"గోపాలుడంటే ఆవుపాలు పితికేవాడనే కదా మాస్టారూ?"

"నరసరావుపేటలో ఎవర్నడిగినా అట్టాగే చెప్తారయ్యా. గో అంటే ఆవు, పక్కన పాలు. అతికినట్టు సరిపోయింది. కానీ ఆ 'పాల' సంస్కృతం. కాపాడేవాడని అర్థం. భూపాలుడు, ద్వారపాలుడు, లోకపాలుడు... వీళ్ళలో పాలు పితికేవాడు ఒక్కడన్నా ఉన్నాడా? మనం తాగే పాలు ద్రావిడం. ఆ మాటకీ దీనికీ పుట్టుకలో సంబంధం లేదు."

"అక్షరాలు ఒకటే. ఆవు కూడా అక్కడే ఉంది. సంబంధం లేదని ఎట్టా తేలుస్తారు?"

"కన్నడం వాళ్ళ నోరు చూడు. మన పులి వాళ్ళకి హులి, మన పువ్వు హూవు, మన పాలు హాలు. వాళ్ళ సొంత మాటల్లో మొదటి 'ప' వరసగా 'హ' అయింది. గోపాలుణ్ణి మాత్రం గోపాల అనే పిలుస్తారు. గోహాల కాలేదే!"

ఈ ఒక్క ఉదాహరణతో నా అనుమానం సగం తీరింది. మాస్టారు తెలుగు పండితుడిగా రిటైరైనా, పాఠం చెప్పటం మానలేదు.

"అయితే పోలికకి విలువే లేదా?"

"పోలిక ఒక్కటే చాలదంటున్నా. కన్నడంలో కివి, మన చెవి. వాళ్ళ కెరె, మన చెరువు. పైకి కలవవు, అయినా అసలైన చుట్టాలు అవే. ఇ, ఎ అచ్చుల ముందు వాళ్ళ 'క' ఉన్నచోట మనకి 'చ' ఒక పద్ధతిగా వస్తుంది కాబట్టి. పద్ధతి ఉంటే చుట్టరికం, లేకపోతే కాకతాళీయం. మద్రాసులో ఎల్లిస్ దొర 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన వ్యాఖ్యలో చేసింది ఈ తరహా పనే. తెలుగు నిండా సంస్కృత పదాలున్నా, అది సంస్కృతానికి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమనీ ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. ద్రావిడ భాషల మీద అందరూ చెప్పే కాల్డ్వెల్ పుస్తకం వచ్చింది 1856లో. అంటే నలభై ఏళ్ళ ముందు!"

ఎల్లిస్ పేరు మన పిల్లలకి బడిలోనే తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మన భాష ఎవరి బిడ్డో ఆధారాలతో చెప్పినవాడు.

"కాకతాళీయం అంత సులభంగా జరుగుతుందా మాస్టారూ?"

"ఆస్ట్రేలియాలో మ్బబరం అనే ఆదివాసీ భాష ఉండేది. అందులో కుక్కని డాగ్ అనేవాళ్ళు. డిక్సన్ అనే భాషావేత్త రాశాడు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది కాదు, 'గుడగ' అనే పాత మాట అరిగి అరిగి అట్టా మిగిలింది. మనిషి నోరు పలికే ధ్వనులు కొన్నే, చెప్పాల్సినవేమో లెక్కలేనన్ని. ఎక్కడో అక్కడ కలవక తప్పదు."

"మన దగ్గర అట్టాంటిది?"

"అన్న! మాచర్ల బస్టాండులో 'అన్నా' అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. అది ద్రావిడం. పళ్ళెంలో అన్నం సంస్కృతం, తినటమనే 'అద్' ధాతువు నుంచి వచ్చింది. టర్కీలో అన్నె అంటే అమ్మ. ఇక రెంటచింతల చర్చి విచారణలో అన్నమ్మ పేరుంటే అది హీబ్రూ హన్నా, దయ అని అర్థం. గ్రీకు మీదుగా వచ్చి మన 'అమ్మ'ని తగిలించుకుంది. మరియమాత తల్లి పేరది. 1883లో గుంటూరొచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరూ అదే."

"బిడ్డకి ఆ పేరు పెట్టుకున్న తల్లి హీబ్రూ తలుచుకోదుగా. ఆమెకి అన్నమూ అమ్మా వినపడితే తప్పా?"

"తప్పెందుకు? పుట్టింది ఎక్కడైనా అది బతుకుతున్నది ఆమె నోట్లో. ఆమె విన్నదీ అర్థమే."

ఇక్కడ నాకు పేచీ వచ్చింది. "అట్టాగైతే ప్రపంచ భాషలన్నీ తెలుగులోంచే పుట్టాయని ఇట్టాంటి మాటలు ఏరి చూపించేవాళ్ళూ ఒప్పేనా?"

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. "కాదు. అన్నమ్మలో అన్నం వినటానికి ఆమెకి హక్కుంది. అది విని హీబ్రూ మనదేనంటే అబద్ధం. ఆమె తన బిడ్డ గురించి చెప్తోంది, వీళ్ళు చరిత్ర గురించి చెప్తున్నారు. చరిత్ర అన్నాక ఆధారం చూపాలి."

"మరి పల్నాడు? పాలనాడే పల్నాడైందంటారు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర నిలబడితే, ఆ తెల్లరాయి చూస్తే నిజమేననిపిస్తుంది."

"రాయి తెలుపే. మాట చూడు. పాలకొల్లు, పాలవెల్లి, పాలకడలి... ఎక్కడన్నా ఆ దీర్ఘం పోయిందా? మన పల్నాడులోనే ఎందుకు పోవాలి? పల్లెనాడు, పల్లవనాడు అనే వాదాలకి ఆ చిక్కు లేదు, రెంటిలోనూ హ్రస్వమే. ఆ రెంటిలో ఏదో తేలాలంటే రాయి రంగు చూస్తే కుదరదు, రాయి మీద రాత చదవాలి."