పుచ్చిన పలక

గోదావరి పాయ మీద ఒక రేవుండేది. ఆ రేవులో పడవ నడిపే సరంగు మీద రెండు ఒడ్లవాళ్ళకీ గురి. అతని తాతా, తండ్రీ అక్కడే పడవ నడిపారు. సంతకి పోయే ధాన్యం బస్తాలూ, పురిటికి పుట్టింటికెళ్ళే ఆడపిల్లలూ, బడి పిల్లలూ అందరూ ఆ పడవే ఎక్కేవారు.

ఒక సంతనాడు నడి ఏట్లో పడవలోకి నీళ్ళొచ్చాయి. సరంగు గడ వేసి ఎలాగో ఇసుక తిన్నె మీదికి చేర్చాడు. ప్రాణాలు దక్కాయి. కానీ ఒక ముసలి రైతు ధాన్యమంతా ఏటిపాలైంది. ఒక తల్లి చంకలోని బిడ్డ నీళ్ళు మింగి, మూడు రోజులు జ్వరంతో మూలిగింది.

ఆ సాయంత్రం ఊరంతా చుట్టూ చేరి ఏమైందని అడిగారు. సరంగుకి భయం పట్టుకుంది. "జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారండీ, పడవ ఒరిగిపోయింది" అన్నాడు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. నీళ్ళు చూశాక జనం లేచిన మాట నిజమే. కానీ ఎడమ పక్క అడుగు పలక పుచ్చిపోయిందని అతనికి అంతకుముందే తెలుసు.

మర్నాటి నుంచి మాటలు పెరిగాయి. పడవకి నాలుగు చిల్లులున్నాయట అని ఒకరు. పలకలకి దాచిన డబ్బు తాగేశాడట అని ఇంకొకరు. ఏరు బలి అడుగుతోందని మరొకరు. సరంగు ఒక్కదానికీ బదులివ్వలేదు. నోరు విప్పితే తన మొదటి మాట కూలిపోతుంది మరి. స్నేహితుడొకడి సలహా మీద పడవకి కొత్త రంగు వేయించాడు. ముందు కొమ్ముకి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండ వేశాడు. మూడు తరాల నమ్మకమైన పడవ అని ఊళ్ళో టముకు వేయించాడు. జనం ఆ టముకు విన్నారు, విని దిగువ రేవుకి నడిచి వెళ్ళారు.

అతని మేనత్త ముసలావిడ. ఒకనాడు రేవుకొచ్చి పడవని చూసింది.

"ఒరే అబ్బాయ్, రంగు ఏ పలకకి వేయించావురా?"

"అన్నిటికీ అత్తా."

"పుచ్చినదానికి కూడానా?"

అతను తలొంచుకున్నాడు.

"మీ తాత మంచివాడా, నువ్వు మంచివాడివా అని నిన్నెవరడిగారు? బిడ్డని చంకనేసుకుని ఎక్కే తల్లికి ఆ పలక సంగతి కావాలి. ఏది పుచ్చిందో నువ్వు చెప్పకపోతే, అన్నీ పుచ్చాయనే అనుకుంటుంది."

తెల్లారేసరికి సరంగు పడవని ఒడ్డుకి లాగించి బోర్లా వేయించాడు. అందరూ స్నానాలకొచ్చే చోటే. రంగు గీకి, పుచ్చిన పలక ఊడదీసి, రావిచెట్టుకి ఆనించి నిలబెట్టాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పాడు: "ఇదండీ పుచ్చింది. నాకు తెలుసు. సంతలయ్యాక మార్చుకోవచ్చులే అనుకున్నాను. మీరు లేచి నిలబడ్డం వల్ల కాదు, నేను మార్చకపోవడం వల్ల నీళ్ళొచ్చాయి." కొందరు తిట్టారు. ఒకాయన ఆ పలక మీద ఉమ్మేసి పోయాడు. సరంగు మారు పలకలేదు. గేదెనమ్మి రైతుకి ధాన్యం కొనిచ్చాడు. ఆ తల్లి ఇంటికి వెళ్ళి అదే మాట ఆమె ముఖం చూసి చెప్పాడు. కొత్త పలక వేసి, సందుల్లో నార కుక్కి గుగ్గిలం పూసే పనంతా ఊరి కళ్ళ ముందే జరిగింది. అది పూర్తయ్యేదాకా, దిగువ రేవువాడికి ఎంత బేరం పోయినా, పడవని నీళ్ళలోకి దింపలేదు.

మొదట ఎక్కడానికొచ్చింది ఆ ముసలి రైతే. వంగి ప్రతి పలకనీ బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు. తర్వాత బస్తాలు ఎక్కించమన్నాడు.

నీతి: భయపడ్డవాళ్ళకి మన మంచితనం గురించి కాదు, వాళ్ళకున్న ప్రమాదం గురించి చెప్పాలి. అదీ మన నోటితోనే, పుకారు కంటే ముందే చెప్పాలి.

కంపెనీల పరువు కాపాడే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఈ నీతి పట్టించుకోవాలని నా కోరిక. 2015లో మ్యాగీ నూడుల్స్‌లో సీసం ఎక్కువుందన్న మాట దేశమంతా పాకినప్పుడు, మా సరుకు సురక్షితమేనని నెస్లే చెబుతూ వచ్చింది. జూన్‌లో నిషేధం పడింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు చెప్పిన ప్రయోగశాలల్లో పరీక్షలు నెగ్గి నవంబరులో మ్యాగీ మళ్ళీ అంగళ్ళకొచ్చింది. కంపెనీ వాదం నెగ్గిందనే అనుకుందాం. అయినా పిల్లలకి వండిపెట్టిన తల్లులు అడిగినప్పుడు, వాళ్ళకి అర్థమయ్యే జవాబు వెంటనే దొరకలేదు. ఆ ఖాళీని పుకార్లు నింపాయి.

1982 సెప్టెంబరు ఆఖర్లో అమెరికాలోని షికాగో పరిసరాల్లో జరిగింది అంతకంటే ఘోరం. టైలెనాల్ అనే నొప్పుల మందు క్యాప్సూళ్ళలో ఎవరో సైనైడ్ కలిపారు. ఏడుగురు చనిపోయారు. కలిపినవాడు ఈనాటికీ దొరకలేదు. తయారుచేసిన జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ కూడా ఒక రకంగా బాధితురాలే. తప్పు మాది కాదని చేతులు దులుపుకునే వీలుంది. ఛైర్మన్ జేమ్స్ బర్క్ ఆ దారి పట్టలేదు. టైలెనాల్ వేసుకోవద్దని కంపెనీయే జనాన్ని హెచ్చరించింది. దేశమంతటి నుంచీ సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. వాటి విలువ 10 కోట్ల డాలర్లకు పైనే.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఆ సీసాల లెక్క దగ్గరే ఆగిపోతారు. నాకు అంతకంటే విలువైనది మరొకటి కనిపిస్తుంది. తమ కర్మాగారాల్లో సైనైడ్ లేనే లేదని కంపెనీ మొదట విలేకరులకు చెప్పింది. నాణ్యత పరీక్షలకు కొద్దిగా వాడుతున్నారని తర్వాత బయటపడింది. ఆ సైనైడ్‌కీ చావులకీ సంబంధం లేదు. అందుకే దాచేద్దామన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. కంపెనీ ఆ మాటని బహిరంగంగా దిద్దుకుంది. చెడ్డ వార్తని కూడా వీళ్ళు దాచరని జనానికి తెలిసింది. ఇక ఆ తర్వాత చెప్పిన మంచి వార్తని నమ్మడానికి వాళ్ళకొక కారణం దొరికింది.

కొద్ది నెలల్లోనే, తెరిస్తే తెలిసిపోయే మూడు రకాల సీళ్ళతో టైలెనాల్ తిరిగొచ్చింది. పడిపోయిన అమ్మకాలు ఏడాది తిరిగేసరికి చాలావరకు కోలుకున్నాయి. 1986లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక యువతి మళ్ళీ అలాగే చనిపోయింది. సీళ్ళు చాలలేదన్నమాట. కంపెనీ మరో సీలు తగిలించి ఊరుకోలేదు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే క్యాప్సూళ్ళనే పూర్తిగా మానేసి, విప్పి లోపల ఏదీ కలపడానికి వీల్లేని గట్టి మాత్రలకు మారిపోయింది.