ద్వాదశి ఘడియ

ఒక కార్యము సాగుచుండగా మరియొకటి వచ్చి పడుట, రెండింటికిని ఒక్కటే గడువగుట నేటి ఉద్యోగులకు నిత్యానుభవము. మొన్న ఒక యువకుడు నాతో మాటలాడుచు, తండ్రికి శస్త్రచికిత్స జరిగిన నాడు ఆసుపత్రికి పోక ఒక నివేదికను ముగించితినని, దానిని వారము దినముల వరకు ఎవరును తెరచి చూడలేదని చెప్పి కంట తడిపెట్టెను. నాకు భాగవత నవమస్కంధములోని అంబరీషోపాఖ్యానము స్ఫురించినది.

అంబరీషుడు సంవత్సరము ద్వాదశీవ్రతము సలిపి, కార్తికమున మూడు రాత్రులుపవసించి, పారణకు సిద్ధమగు వేళ దుర్వాసుడు అతిథియై వచ్చెను. భోజనమున కంగీకరించి యమునకు స్నానార్థమేగి, అచటనే ధ్యానమగ్నుడయ్యెను. ద్వాదశి అర్ధముహూర్తము, అనగా నేటి లెక్కకు 24 నిమిషములు మాత్రమే మిగిలెను. తిథి దాటిన వ్రతభంగము. అతిథికంటె ముందు భుజించిన దోషము.

రాజు తొందరపడలేదు, తానొక్కడే నిర్ణయించుకొననూ లేదు. విజ్ఞులైన బ్రాహ్మణుల నడిగెను. జలపానము తిన్నట్లును తిననట్లును అగునని తేలగా, నీరు మాత్రము పుచ్చుకొని మునికై వేచియుండెను.

ఇది ధర్మమును ఉపాయముతో దాటుట కాదా? నా విద్యార్థులు పలుమారులడిగిరి. నాకును చిరకాలము ఆ శంక యుండెను. అయితే తిథి రాజు జరుపగలిగినది కాదు. అతిథిభోజనము ఘడియ ఆలస్యమైనను చెడదు. చెడునది అతిథి గౌరవము. కనుక జరుగని గడువునకు తప్పనిసరియైనంత మాత్రమే ఇచ్చి, తక్కినదంతయు అతిథికై నిలిపెను. సంధ్యావందనమునకు సైతము కాలము దాటినచో ప్రాయశ్చిత్తార్ఘ్యము కలదు గదా! శాస్త్రము గడువులన్నిటిని ఒకే కాఠిన్యముతో చూడలేదు.

కార్యాలయములలో తిథివంటి గడువులు కొన్నియే. అధికారి తొందర వలన పుట్టినవి పెక్కు. "ఇది రేపటికి జరుగునా?" యని ఆ యువకుడు ఒక్కమాట అడిగియుండవలసినది. అడుగుటకు భయపడితినని ఆయనయే ఒప్పుకొనెను.

ఆ భయము నిరాధారమనను. సరిగా నిర్ణయించినను రాజునకు కోపము తప్పలేదు. దుర్వాసుడు కృత్యను సృజించెను. సుదర్శనము దానిని దహించి మునిని తరిమెను. బ్రహ్మరుద్రులును, విష్ణువును కాపాడకపోగా, ముని తిరిగి రాజునే శరణు వేడెను. నా శంక తీరినది ఇచటనే. ఆ నడుమ ఒక సంవత్సరము గడచినది. అంతకాలమును అంబరీషుడు నీరు మాత్రము త్రాగుచు, ఆ అతిథికై నిరీక్షించెను. ముని భుజించిన పిమ్మటనే తాను భుజించెను.