కాటా చెప్పని సంగతి

చిన్నా, మండవల్లి దగ్గర పదెకరాల చెరువు లీజుకు తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ గొంతులో సగం గర్వం, సగం భయం. భయం సంగతి నాకొదిలెయ్. కొల్లేరు పక్కన పుట్టినవాడికి చెరువు కొత్త కాదు, పైగా నీకు లెక్కలు బాగా వచ్చు. చేపపిల్ల ఎక్కడ తేవాలి, ఎకరానికి ఎంత వెయ్యాలి, ఏ వ్యాపారి డబ్బు సరిగ్గా ఇస్తాడు, ఇవన్నీ గట్టు మీద నలుగురూ చెబుతారు. నేను మేత గురించే చెబుతాను. పెట్టే ఖర్చులో సగానికి పైగా పోయేది అక్కడే. రేపు నీ చేప తిన్నవాడు మెచ్చుకున్నా, మొహం చిట్లించినా దానికి కారణం చాలావరకు ఆ మేతలోనే ఉంటుంది.

ఒక్క మాట గట్టిగా పట్టుకో. బరువు పెంచడం వేరు, కండ పెంచడం వేరు. కాటాకు ఈ తేడా తెలియదు. కొవ్వునూ, కండనూ, పేగుల నిండా ఉన్న తవుడునూ అది ఒకే రకంగా తూస్తుంది.

మనవైపు సంచుల పద్ధతి నువ్వు చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. నూనె తీసిన తవుడు, మనం డీఓబీ అంటామే, దాంట్లో వేరుశెనగ చెక్కో పత్తి చెక్కో కలిపి, కన్నాలు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకు కట్టేస్తాం. చేప వచ్చి కన్నానికి మూతి ఆనించి పీల్చుకుంటుంది. దీన్ని పాత పద్ధతని చిన్నచూపు చూడకు. ఏ ప్రయోగశాలా చెప్పకుండానే మన రైతులు కనిపెట్టిన పద్ధతి ఇది. పొడి మేత నీళ్లలో చెదిరిపోదు. సాయంత్రం పడవ మీద వెళ్లి సంచులు తడిమి చూస్తే ఆ రోజు చేప ఎంత తిన్నదీ తెలిసిపోతుంది. శీలావతికి, అదే రోహు చేపకు, మనలాంటి జీర్ణాశయం లేదు, ఉన్నదల్లా ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు పొడవైన పేగు. ఒక్కసారే మెక్కి అరిగించుకునే జాతి కాదది, గంటల తరబడి కొంచెం కొంచెం మేసే జాతి. ఆ గుణానికి సంచి సరిగ్గా సరిపోయింది.

తంటా సంచితో కాదు, సంచిలో ఉన్నదానితో. నువ్వు లెక్కల మనిషివి కాబట్టి లెక్కలోనే చెబుతాను. డీఓబీలో మాంసకృత్తులు నూటికి పదిహేను అనుకో. కిలో చేప తయారు కావడానికి మూడు కిలోలు పడితే లోపలికి వెళ్లిన మాంసకృత్తులు 450 గ్రాములు. నూటికి 28 ఉన్న తేలే గుళిక మేత కిలోన్నర వేస్తే 420. రెండూ దాదాపు సమానమే కదా, మరి తవుడు చేపకూ గుళిక చేపకూ తేడా ఎందుకొస్తోంది? మూడు కిలోల తవుడులో ఆ 450 పోగా మిగిలిన రెండున్నర కిలోల్లో ఎక్కువ భాగం పిండి, పీచు, బూడిద. పీచూ బూడిదా చెరువు అడుగుకు చేరతాయి. పిండి ఒంట్లోకి వెళ్తుంది. చేప దాన్ని కొంతవరకే శక్తిగా వాడుకోగలదు, మిగతాది కొవ్వుగా మార్చి పొట్టలో దాస్తుంది. వట్టి అన్నంతో పెరిగిన పిల్లాడి బొజ్జ లాంటిదే ఆ బరువు.

మరి మీ తాత రోజుల్లో వట్టి తవుడుతోనే చేప బంగారంలా పెరిగేది కదా అంటావు. నిజమే. అప్పుడు ఎకరానికి వేసిన పిల్ల తక్కువ. పేడా, ఎరువూ వేస్తే నీళ్లలో పుట్టే పచ్చని నాచూ, కంటికి ఆనీ ఆనని పురుగూ, మనం ప్లాంక్టన్ అంటున్నది, ప్రతి చేపకూ కడుపు నిండా దొరికేది. ఎండబెట్టి చూస్తే ఆ పురుగులో సగం దాకా మాంసకృత్తులే. చేపకు తప్పనిసరైన లైసిన్, మిథియొనిన్, ఒమేగా-3 కొవ్వులు అందులోంచే అందేవి. తవుడు ఉత్త శక్తి కోసమే. ఇప్పుడు పిల్ల పెంచాం, చెరువు పెరగలేదు. ఒక్కో చేపకు దొరికే ప్లాంక్టన్ తగ్గిపోయింది. ఆ లోటు సంచిలోంచే తీరాలి, వట్టి తవుడుతో తీరదు. అందుకే నీళ్ల రంగును మేత లెక్కలోనే చూడు. మోచేయి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి లీలగా కనబడాలి. స్పష్టంగా కనబడుతుంటే చెరువులో తిండి లేదని అర్థం, అసలే కనబడకపోతే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే ప్రమాదం ఉందని అర్థం.

చెక్క కలిపితే సరిపోతుందా? సరిపోతుంది, మంచి చెక్కయితే. వేరుశెనగ చెక్కలో మాంసకృత్తులు నూటికి నలభైకి పైగానే, కానీ లైసిన్, మిథియొనిన్ తక్కువ. సోయా చెక్కలో లైసిన్ బాగా ఉంటుంది, కాబట్టి రెండూ కలుపు, ఒకదాని లోటు రెండోది కొంత పూడుస్తుంది. పత్తి చెక్క చవకని ఎక్కువ వెయ్యకు, అందులో గాసిపాల్ అనే విషముంది, మోతాదు మించితే పెరుగుదల ఆగుతుంది. ఇక గోదాములో తడి తగిలి బూజు పట్టిన వేరుశెనగ చెక్కను ఎవడైనా సగం ధరకిస్తానంటే ఆ లారీ మన గట్టు ఎక్కకూడదు. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది. చేప వెంటనే చావదు. తింటూనే ఉంటుంది, పెరగదు. ఎందుకు పెరగడం లేదో తెలియక నువ్వు మందుల కొట్టు చుట్టూ తిరుగుతావు.

పిల్లకు కావలసింది వేరు, పెద్ద చేపకు కావలసింది వేరు. వేలెడు పిల్లకు మేతలో మాంసకృత్తులు నూటికి 35 దాకా ఉండాలి, అరకిలో దాటాక 25 నుంచి 28 చాలు. మనవాళ్లు ఏడాదిపాటు ఇరుకు చెరువులో అర్ధాకలితో ఆపి ఉంచిన పిల్లను తెచ్చి వేస్తారే, అది కడుపు నిండా మేత దొరకగానే ఒక్కసారి ఎగబాకి పెరుగుతుంది. చెక్క మీద డబ్బు పెట్టాల్సింది ఆ మొదటి నెలల్లో. చాలామంది తిరగేసి చేస్తారు, మొదట వట్టి తవుడు పెట్టి, పట్టుబడి దగ్గర పడ్డాక బరువు కోసం ఖరీదైన మేత గుమ్మరిస్తారు. ఆ చివరి మేతలో ఎక్కువ భాగం పొట్ట కొవ్వుకే పోతుంది.

ఖనిజాలూ విటమిన్ల గురించి రెండు ముక్కలే. చేప నీళ్లలోంచి కాల్షియం పీల్చుకోగలదు గానీ భాస్వరం మేతలోంచే రావాలి. తవుడులో భాస్వరం ఉన్నా అది ఫైటేటు రూపంలో ఉంటుంది, చేప పేగు దాన్ని విడదీసుకోలేదు. భాస్వరం చాలకపోతే ఎముక బలహీనపడటమే కాదు, ఒంట్లో కొవ్వు కూడా పెరుగుతుంది. విటమిన్ సి చేప తనంతట తాను తయారు చేసుకోలేదు, లోటు పడితే వెన్ను వంకర పోతుంది. ఈ రెండూ ఉన్న ఖనిజ మిశ్రమం కొను. రంగుల డబ్బాల్లో ‘వారంలో గ్రోత్’ అంటూ వచ్చే టానిక్కుల జోలికి పోకు.

ఇప్పుడు అసలు పని చెబుతాను. నెలకోసారి విసురు వల వేసి తూకం చూస్తావు కదా, అప్పుడు రెండు చేపల్ని కోయించు. పక్కన నిలబడి చూడు, పనివాడికి అప్పగించి వచ్చెయ్యకు. వెనక రంధ్రం దగ్గర్నుంచి గొంతు దాకా కత్తి లాగి పొట్ట విప్పు. శీలావతి కాలేయం విడిగా ముద్దలా ఉండదు, పేగు మడతల మధ్య అల్లుకుని ఉంటుంది. అది ముదురు గోధుమ ఎరుపులో మెరుస్తుంటే మేత సరిగా ఉన్నట్టు. పాలిపోయి, పసుపు తిరిగి, వేలితో నొక్కితే చితికిపోతుంటే పిండి ఎక్కువైందనో, మేత పాడైందనో అనుమానించు. పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు తాళ్లు పేనుకుని ఉంటే సంచిలో తవుడు తగ్గించి చెక్క పెంచు. తర్వాత పొట్టంతా తీసేసి అదే చేపను మళ్లీ కాటా మీద పెట్టు. మొదటి తూకానికీ రెండో తూకానికీ మధ్య తేడాను నోటుబుక్కులో రాసుకో. నెలనెలా ఆ తేడా పెరుగుతూ పోతుంటే నువ్వు డబ్బు పోసి పెంచుతున్నది పారేసే సరుకునే.

రుచి సంగతికి వద్దాం. చేప కొవ్వులో ఏముంటుందో చాలావరకు మేతే నిర్ణయిస్తుంది. యూరప్‌లో చెక్ దేశం వాళ్లు త్రెబోన్ చెరువుల్లో మన బంగారుతీగ చేపనే శతాబ్దాలుగా పెంచుతున్నారు. అక్కడ తవుడు బదులు గోధుమ, బార్లీ. ధాన్యం మీద పెరిగిన చేపలో ఒమేగా-3 తగ్గుతోందని గమనించి, దక్షిణ బొహీమియా విశ్వవిద్యాలయం వాళ్లు ఆవజాతి గింజల చెక్క, అవిసె కలిపిన మేతతో దాన్ని తిరిగి పెంచారు. చైనా గ్వాంగ్‌డాంగ్‌లో ఇంకో చిత్రం. గడ్డిచేపకు చివరి మూడు నాలుగు నెలలు ఒక రకం చిక్కుడు గింజలే పెడతారు. పెరుగుదల మందగిస్తుంది కానీ కండ గట్టిపడి, ఉడికించినా కరకరలాడుతుంది. మామూలు గడ్డిచేప కంటే దానికి ధర ఎక్కువ. బరువు పోగొట్టుకుని డబ్బు సంపాదించడమంటే అదీ! మన చేప కొనే హౌరా వ్యాపారి అలాంటి రుచికి ధర కట్టే రోజు ఇంకా రాలేదులే, కానీ మేతతో కండ గుణం మారుతుందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మేత నోటితోనే కాదు, మొప్పల ద్వారా కూడా చేపలోకి వెళ్తుంది. తినకుండా మిగిలిందీ, తిని విసర్జించిందీ నీళ్లలో కలిసి నీలి ఆకుపచ్చ నాచును పెంచుతుంది. ఆ నాచులో కొన్ని రకాలు జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. తొలకరి చినుకులకు నేలలోంచి లేచే వాసన ఉందే, అదీ జియోస్మినే. నేల మీద కమ్మగా ఉంటుంది, పులుసులో ఉంటే మాత్రం గిన్నె పక్కకు నెట్టేస్తారు. మొప్పల్లోంచి ఎక్కి కొవ్వులో చేరుతుంది, అందుకే కొవ్విన చేపను అది ఓ పట్టాన వదలదు. కాబట్టి మేత మిగలనివ్వకు. మబ్బు పట్టిన రోజు, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్న రోజు మేత ఆపెయ్. డిసెంబరు చలికి ఆకలి తగ్గుతుంది, మేత కూడా తగ్గించు. ఆ చెక్ రైతులు అక్టోబరులో పట్టిన చేపను క్రిస్మస్ దాకా మేత లేకుండా పారే మంచినీళ్ల తొట్లలో ఉంచుతారు, మట్టి వాసన పోతుంది, కొంత కొవ్వూ కరుగుతుంది. మనకు అన్ని తొట్లు లేవు. కనీసం కాలువ కట్టేసే వేసవిలో కాకుండా, కొత్త నీళ్లు పెట్టుకోగలిగిన రోజుల్లో పట్టుబడి పెట్టుకో.

ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. చికెన్ వేస్ట్. రాత్రిపూట డ్రమ్ముల్లో తెచ్చి ఫంగస్ చేపల చెరువుల్లో పోసేవాళ్లు నీకూ ఎదురవుతారు, మేత ఖర్చు సగానికి తగ్గుతుందంటారు. ప్రభుత్వం నిషేధించింది, దొరికితే కేసు. అది అలా ఉంచు. కుళ్లిన మాంసంతో వచ్చే సూక్ష్మజీవులు, పాడైన కొవ్వు, కోళ్లకు వాడిన మందుల అవశేషాలు నీ చెరువులోకి, నీ చేపలోకి వస్తాయి. ఒక్కడు చేసిన పాడుపని ప్రాంతమంతటి మెడకూ చుట్టుకుంటుంది. 2018 జులైలో ఫార్మలిన్ అనే రసాయనం కలిపారన్న అనుమానంతో అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపను పది రోజులు ఆపేసినప్పుడు, ఏ తప్పూ చెయ్యని రైతు చేప కూడా చెరువులోనే ఉండిపోయింది. మేత బస్తా కొన్నా దాని మీద మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తయారీ తేదీ ఉన్నాయో లేదో చూడు. 2020లో మన రాష్ట్రం చేపల మేత నాణ్యతకు ప్రత్యేకంగా చట్టమే తెచ్చింది. బిల్లు అడుగు, దాచుకో.

పట్టుబడికి ముందు రోజే సంచులు విప్పించెయ్, ఎండాకాలం కాకపోతే రెండు రోజుల ముందు. నీ తూకం కొంత తగ్గుతుంది, తగ్గనీ. పేగు నిండా మేతతో ఐసు పెట్టెలోకి ఎక్కిన చేపను దాని పేగులోని రసాలే లోపల్నుంచి తినడం మొదలుపెడతాయి. హౌరా వెయ్యి కిలోమీటర్ల పైమాటే, గువాహటి దాదాపు దానికి రెట్టింపు. పెట్టె తెరిచేసరికి పొట్టలు పగిలి ఉంటే వ్యాపారి కోసేది నీ ధరే.

ఆఖరి పని ఒకటుంది. అమెరికాలో మిసిసిపీ చెరువుల దగ్గర పట్టుబడికి ముందు ఒక చేపను తెప్పించి, ఏమీ కలపకుండా వండి, రుచి చూసి గానీ ఫ్యాక్టరీ వాళ్లు సరుకు తీసుకోరు. నువ్వూ అలాగే చెయ్యి. చింతపండూ కారం వేస్తే వాసన తెలియదు, వట్టి ముక్కను ఆవిరి మీద ఉడికించమని మీ అమ్మకు చెప్పు. మట్టి వాసన వస్తే పట్టుబడి ఆపి నీళ్లు మార్చు, వారం తర్వాత మళ్లీ వండించు. లారీ గట్టు మీద నిలబడి ఉన్నా, వ్యాపారి ఎంత తొందరపెట్టినా, మీ అమ్మ తిని బాగుంది అన్నాకే వల దించు.