అమ్మిన సరుకు వాపసు తీసుకోవడమూ పుణ్యకార్యమే



రమజాన్ చివరి రోజులు. ఒక తల్లి ఇంటి ఖర్చుల్లో మిగిల్చిన డబ్బుతో కొడుక్కి పండుగ బట్టలు కొని ఇంటికి తెచ్చింది. విప్పి చూస్తే కుర్తా చంక దగ్గర చినుగు! మర్నాడు దుకాణానికి వెళితే యజమాని మాట్లాడకుండా గోడ మీది బోర్డు చూపించాడు: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.’ ఇది మన బజారులో ఎక్కడైనా జరగగల విషయమే. ఆ యజమాని తరావీహ్ నమాజులో మొదటి వరుసలో నిలబడేవాడు కూడా కావచ్చు. మరి ప్రళయదినాన అల్లాహ్ సన్నిధిలో ఆ బోర్డు అతనికి అక్కరకొస్తుందా?

ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ధాన్యం రాశి పక్కగా వెళుతూ అందులో చెయ్యి పెట్టి చూశారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడి తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైనే ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. వాన పడటం ఆ వ్యాపారి తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్మడమూ తప్పు కాదు. తడిని దాచడమే తప్పు.

అమ్మేవారు, కొనేవారు నిజం చెప్పుకొని, సరుకులోని లోపాన్ని విడమరచి చెప్పుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందనీ, దాచిపెట్టి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకు పోతుందనీ దైవప్రవక్త (స) బోధించారు. దాగి ఉన్న లోపం బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉంటుంది. ధర్మశాస్త్రవేత్తలు దీనినే ‘ఖియారుల్ ఐబ్’ అన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బట్టల వ్యాపారి. ఆయన భాగస్వామి ఒకసారి లోపమున్న వస్త్రాన్ని ఆ సంగతి చెప్పడం మరచి అమ్మేశాడు. కొన్నదెవరో తెలియలేదు. ఆ సొమ్మును ఆయన తన ఇంట్లో ఉంచుకోలేదు, దానం చేసేశారని చరిత్రకారులు రాశారు.

ఇక మన దేశ చట్టం సంగతి చూద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా వాపసు తీసుకోకపోవడం ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత పద్ధతుల్లో ఒకటి. అంటే లోపమున్న సరుకు విషయంలో గోడ మీది బోర్డు చట్టం ముందు కూడా నిలబడదు.

బిల్లు అడిగితే ‘నా మీద నమ్మకం లేదా భాయ్?’ అని నొచ్చుకునేవారున్నారు. అప్పు ఒప్పందాలను రాసి పెట్టుకోమని, క్రయవిక్రయాలకు సాక్షుల్ని పెట్టుకోమని అల్లాహ్ బఖరా సూరాలో ఉపదేశించాడు. చేతికి చెయ్యి జరిగే బేరాన్ని రాయకపోతే దోషం లేదని కూడా అక్కడే సెలవిచ్చాడు. ఈనాడు బిల్లు ఒక సాక్షి లాంటిది. అది అనుమానానికి గుర్తు కాదు, తగాదా రాకుండా కాపాడే కంచె.

బేరం కుదరకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సరుకుకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. తాముంటున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చిన్న వ్యాపారులూ ఒక సంగతి తెలుసుకోవాలి. తిరిగి అమ్మడానికి కొన్న సరుకుకు ఈ చట్టం వర్తించదు. కాని స్వయంగా పనిచేసుకొని పొట్టపోసుకోవడానికి దర్జీ కొనుక్కున్న కుట్టుమిషనుకు వర్తిస్తుంది.

అయితే కొనేవారికి హక్కులే కాదు, బాధ్యతలూ ఉన్నాయి. పెళ్లికి కట్టుకుని మర్నాడు ‘రంగు నచ్చలేదు’ అంటూ చీర తెచ్చేవారు, తామే కింద పడేసి పగిలిన వస్తువును ‘ఇలాగే ఇచ్చారు’ అని దబాయించేవారు కూడా మోసగాళ్లే. పాలు ఎక్కువగా ఉన్నట్టు కనబడాలని పశువు పొదుగు కట్టి అమ్మడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అలా మోసపోయినవాడు పశువును తిరిగి ఇవ్వవచ్చన్నారు. కాని దానితోపాటు ఒక ‘సా’ ఖర్జూరాలు కూడా ఇవ్వమన్నారు. ఎందుకంటే అతను దాని పాలు పితుక్కున్నాడు కదా! మోసపోయినవాడి హక్కును నిలబెడుతూనే, అతను వాడుకున్నదానికి లెక్క చెప్పించారు. న్యాయమంటే ఇది.

చివరిగా ఒక మాట. సరుకులో ఏ లోపమూ లేదు. కొన్నవాడికి డబ్బు అవసరం పడింది, లేదా కొని పొరబడ్డానని బాధపడుతున్నాడు. వాపసు తీసుకోవాలని చట్టం బలవంతపెట్టదు, ధర్మం కూడా విధిగా చేయలేదు. కాని అలాంటివాడి బేరాన్ని మనస్ఫూర్తిగా రద్దు చేసినవాడి పొరపాట్లను అల్లాహ్ మన్నిస్తాడని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. మనలో పొరపాట్లు లేనివారెవరు? ఆ మన్నింపు అక్కర్లేనివారెవరు?

వ్యాపార సోదరులారా! ఈ రోజే ఆ బోర్డు దించండి. ‘లోపముంటే బిల్లుతో తీసుకురండి, మార్చి ఇస్తాం’ అని రాయించండి. కుర్తా పట్టుకొని గడపలో నిలబడిన ఆ తల్లిని నష్టం తెచ్చిన గిరాకీగా కాదు, మీ మన్నింపుకు అల్లాహ్ పంపిన అవకాశంగా చూడండి.

మన సంపాదనను హలాల్‌గా ఉంచి, అమ్మకంలోనూ కొనుగోలులోనూ సత్యంపై నిలిచే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.