తీరిక ఎవరిది?

ప్రకృతి సౌందర్యాన్ని చూసి ఆనందించడం అభ్యుదయవాదికి తగునా? ఈ ప్రశ్న మన సభల్లో పాతదే. భావకవిత్వం మీద జరిగిన దాడిలో వెన్నెలా, ఏరూ, మంచూ కూడా ముద్దాయిలుగా నిలబడ్డాయి. ఆకలి ఉన్న దేశంలో పూల మాట ఎత్తడమే నేరమన్నట్టు కొందరు మాట్లాడారు. అందానికి రాజకీయాలతో పనేమిటని మరికొందరు బదులు చెప్పారు. ఈ రెండు వాదాలూ ఒకే పునాది మీద నిలబడ్డాయని నా అభిప్రాయం. అందం ఒకచోట, శ్రమ మరొకచోట ఉంటాయని రెండూ ముందే ఒప్పేసుకున్నాయి.

పుష్యమాసంలో ఒక ఉదయం ఇద్దరు మిత్రులతో కలిసి కోనసీమలో లొల్ల లాకుల నుంచి కాలువగట్టు వెంట నడిచాను. బొబ్బర్లంక దగ్గర గోదావరిని విడిచిన ప్రధాన కాలువ ఇక్కడే పాయలుగా చీలుతుంది. నీళ్ళ మీద మంచు పొగలాగా లేస్తున్నది. కొబ్బరిచెట్ల అవతల చేలల్లో దాళ్వా ఊడ్పులు సాగుతున్నాయి. మిత్రులలో ఒకాయన కవి. “ఇంత అందం దేవుడు మనకు ఊరికే ఇచ్చాడు మాస్టారూ!” అన్నాడు. రెండో ఆయన బడిపంతులు. “ఊరికే ఎవరిచ్చారండీ?” అన్నాడు. మా వాదం అక్కడ మొదలైంది.

పంతులుగారి ప్రశ్న సమంజసమైనది. మేము ప్రకృతి అనుకుని మురిసినదానిలో సగానికి పైగా మనిషి చేతిపని. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే ఈ కాలువలు లేవు. కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ఆయన పట్టుదలకు అది తగిన గౌరవమే. కంపెనీ ఈ పనికి ఒప్పుకోవడం వెనుక శిస్తు రాబడి లెక్క ఉన్న మాటా నిజమే. కాని మట్టి తవ్వి తట్టలకెత్తి మోసిన వేలాది కూలీల పేర్లు చరిత్రకెక్కలేదు. గట్టు కూడా షికారు కోసం వేసింది కాదు. లారీలు రాకముందు ఈ కాలువల్లో ధాన్యం పడవలు నడిచేవి. గాలి అనుకూలించనప్పుడు పడవవాళ్ళు తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ వాటిని లాగేవారు. మేము చేతులూపుకుంటూ నడిచిన దారి వారి అడుగులతో గట్టిపడింది.

ఇదంతా తెలిశాక అందం తగ్గిపోదా? కవిమిత్రుడి భయం అదే. తెలిస్తే చెడిపోయే అందం ఏదో దాచిపెట్టి బతుకుతున్నదన్నమాట. కాలువ అటువంటిది కాదు. దాన్ని తవ్వినవారిని తలుచుకుంటే ఆ నీటికి లోతు పెరుగుతుంది.

మడిలో నారు నాటుతున్న ఒక పెద్దావిడ నడుమెత్తి మమ్మల్ని చూసి నవ్వింది. “రోజూ నడిచే గట్టే గదా బాబూ, ఏముందని చూస్తన్నారు?” అంది. శ్రమజీవులకు సౌందర్యదృష్టి ఉండదని ఇటువంటి మాటల నుంచి తేల్చేవారున్నారు. అది పచ్చి అబద్ధం. ఊడ్పుల పాట పుట్టింది ఎవరి నోట? చీకటితో లేచి వాకిట ముగ్గు తీర్చి, గొబ్బెమ్మ మీద గుమ్మడిపూవు గుచ్చేది ఎవరు? ఆమెకు కన్ను ఉంది, తీరిక లేదు. ఆ గట్టు మీద ఆమె మాకన్న ఎక్కువసార్లే నడిచింది. అయితే మా నడకలో కాలం మాది. ఆమె నడకలో కాలం అప్పటికే కూలికి అమ్ముడుపోయినది.

మడి చేసే కౌలురైతు సంగతీ దాదాపు ఇంతే. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాట మీద కౌలు. పట్టా ఒకరిది, బురద మరొకరిది. కౌలుదార్ల గుర్తింపు కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. ఈ రెండోది భూయజమాని సంతకాన్ని కోరింది. 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు కాదని పంట విరామం ప్రకటించారు. వేలాది ఎకరాలు బీడుపడ్డాయి. ఆ ఏడు షికారు మనిషికి కరువైనది పచ్చదనం. ఊడ్పుల ఆడకూలీకి కరువైనది తిండిగింజ. అందం ఎంత పలుచని భద్రత మీద నిలబడి ఉన్నదో ఆ బీళ్ళు చెప్పాయి.

అయితే షికారు మానుకుందామా? మేము మానుకున్నంత మాత్రాన ఆ మడిలో ఒక్క గంట తీరిక మొలవదు. అపరాధభావం మధ్యతరగతికి చవకగా దొరికే వ్రతం. ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడిన కార్మికులు పనికి ఎనిమిది గంటలు, నిద్రకు ఎనిమిది గంటలు పోగా, మిగిలిన ఎనిమిదీ తమ సొంతానికి కావాలన్నారు. ఆ సొంత గంటల్లో పుస్తకం ఉంది, పాట ఉంది, పుష్యమాసపు కాలువగట్టూ ఉంది. పొలంకూలీ ఆ గంటలను అడగవద్దా?

కాబట్టి అభ్యుదయ విమర్శకుడు అందాన్ని బోనెక్కించడం మాని, దాని పంపకం గురించి అడగాలి. మంచును గురించి రాసే కవిని నేను తప్పు పట్టను. ఆ మంచులో వంగిన నడుములు అతనికి కనిపించకపోతే మాత్రం, ఆయన చూసింది సగమేనంటాను.