పాత గడియారం, కొత్త ముఖం

అయోధ్యకు ప్రాచీన నామమైన సాకేతం పేరును దక్షిణ ఢిల్లీలోని ఒక నివాసప్రాంతం ధరించింది. పేరు పాతది, వాడ కొత్తది అని అందరికీ తెలుసు కనుక అందులో మోసం లేదు. పాత వస్తువుల విషయంలో మాత్రం ఈ సౌలభ్యం అరుదు.

ఆ సాకేత్‌లోనే ఒక ఇంటి బీరువాలో తండ్రి వదిలివెళ్ళిన ఫావ్రె లూబా 'డీప్ బ్లూ' చేతిగడియారం ఒకటి ఉన్నదనుకుందాం. 19వ శతాబ్దపు ఉత్తరార్ధం నుంచే భారతదేశంతో వర్తక సంబంధమున్న ఈ స్విస్ సంస్థ, సముద్రంలో మునిగేవారికోసం 1964లో ఆ రకాన్ని విడుదల చేసింది. 1968 నాటి 'బాతీ' రకమైతే నీటి లోతును సైతం చూపేది. మన తేమకు డయళ్ళు మచ్చలుపడేవి. వాచీ మరమ్మతుదారులు పాత రంగు కడిగి, కొత్తగా అక్షరాలు అచ్చువేసి ఇచ్చేవారు. అక్షరాల మందమో, గీతల వంకరో ఆ పనిని పట్టిస్తుంది. అంతకంటె గట్టి సాక్ష్యం చీకటిలో వెలిగే పూత. 1960ల వరకు రేడియం వాడేవారు. తరువాత వచ్చిన ట్రీటియం డయళ్ళపై సాధారణంగా 'టి' అక్షరం ఉండేది. ట్రీటియం శక్తి సుమారు 12 ఏళ్ళకొకమారు సగమవుతుంది. రేడియం 1600 ఏళ్ళకు గాని సగం కాదు. కాని దానితో కలిపిన వెలుగు పదార్థం ఎప్పుడో నశిస్తుంది. కాబట్టి 1964 నాటిదని చెప్పే గడియారం నేడు రాత్రంతా ప్రకాశిస్తే, ఆ పూత మార్చినదే. (రేడియం పూతను ఇంట్లో గోకడం ప్రమాదకరం, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.)

ఇటువంటి గడియారాలను విదేశీ సేకర్తలు 'బొంబాయి సరుకు' అని పరిహసిస్తారు. ఆ పరిహాసం సగమే న్యాయం. మరమ్మతుదారు అడిగినవారికి అడిగిన పని చేశాడు. దానిని 'అసలు సిసలుది' అని అమ్మినవాడు వేరు.

మిలిందునికి నాగసేనుడు చూపిన రథం ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు. కూడికకు పెట్టిన వ్యవహారనామమే రథం. అయితే నాగసేనుడు రథాన్ని అమ్మకానికి పెట్టలేదు. పైగా మునిగే గడియారానికి భాగాలు మార్చక తప్పదు. వెనుక మూత కింది రబ్బరు రింగు ఎండితే నీరు చొరబడుతుంది. దానిని అపురూపమని అలాగే ఉంచితే గడియారమే పోతుంది. డయలు సంగతి వేరు. అది నీటిని ఆపదు, జ్ఞాపకాన్ని మోస్తుంది.

ఎవరి జ్ఞాపకం అన్నదే చిక్కు. డయలును తండ్రే మళ్ళీ అచ్చువేయించి ముప్పై ఏళ్ళు ధరించి ఉంటే, కుమారుడు ఎక్కడో వెదకి అసలు డయలు తెచ్చి బిగించడం కార్ఖానాకు న్యాయం, తండ్రిని తుడిచివేయడం. సాకేత్‌కు చేరువలోని కుతుబ్ మీనార్‌కు ఇదే సమస్య ఎదురైంది. 1368లో పిడుగుపాటుకు దెబ్బతిన్న పైభాగాన్ని ఫిరోజ్ షా తుగ్లక్ పాలరాయి కలిపి కట్టించాడు. దానిని తొలగించి ఇల్తుత్మిష్ కాలపు రూపం తేవాలని ఎవరూ కోరరు. 1803 భూకంపం తరువాత మేజర్ రాబర్ట్ స్మిత్ 1828లో పెట్టించిన గోపురపు మంటపాన్ని మాత్రం, అది పొసగలేదని 1848లో హార్డింజ్ దింపించాడు. దింపారే గాని పగులగొట్టలేదు. అది నేటికీ ఆవరణలోని పచ్చికపై నిలిచి ఉన్నది. కొత్తగా చేర్చినది పాతదానితో పొసగుతూనే వేరుగా గుర్తుపట్టేలా ఉండాలని 1964 నాటి వెనిస్ ప్రకటన నియమం చేసింది. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలన్నది కూడా అందులోనిదే.

గడియారానికి ఇంత తంతు అవసరమా అనిపించవచ్చు. అవసరమైనది నిజానికి ఒక కాగితపు పొట్లం: తీసిన ముళ్ళు, పాత రబ్బరు రింగు, పని జరిగిన తేదీ, చేసినవారి పేరు, డయలు మళ్ళీ అచ్చువేసినదన్న ఒక వాక్యం. గడియారం చేతులు మారే రోజున ఆ పొట్లమూ వెంట వెళ్ళవలసి ఉంటుంది. ధర తగ్గుతుంది, కొన్నిసార్లు సగానికి పైగా.