సీసాకు చేసిన మర్యాద

సింగరేణి గడ్డ మీద, గోదావరిఖని వైపు, బొగ్గు పరీక్షించే ల్యాబులు రెండు ఉండేవి. బొగ్గును నూరి, 212 మైక్రాన్ల జల్లెడ పట్టి, ఒక గ్రాము పొడిని బాంబు కెలోరీమీటర్‌లో కాల్చి ఎంత వేడి ఇస్తుందో చెప్పడం వాటి పని. రైలెక్కి పవర్ ప్లాంటుకు పోయే బొగ్గుకు ఆ అంకే గ్రేడు కట్టేది. కిలోకు 4301 నుంచి 4600 కిలోకేలరీల దాకా జీ10. ఒక్కటి తగ్గినా జీ11, ధరా తగ్గేది.

ఒకసారి ఒకే బొగ్గు పొడిని సీసాల్లో నింపి, ల్యాబుల పనితనాన్ని చూసే ప్రొఫిషియెన్సీ టెస్టు పేరిట చాలా ల్యాబులకు పంపారు.

మొదటి ల్యాబు ఆ సీసాకు కొత్తల్లుడి మర్యాద చేసింది. ట్రెయినీని సీట్లోంచి లేపి పెద్ద కెమిస్టు కూర్చున్నాడు. బెంజోయిక్ యాసిడ్ బిళ్ళలు కాల్చి మిషన్‌ను సరిచూసుకున్నాడు. పొడిని ఐదుసార్లు కాల్చి సగటు తీశాడు. 4428 వచ్చింది. రెండో ల్యాబులో సీసా మిగతా శాంపిళ్ళ వరసలోనే నిలబడింది. డ్యూటీలో ఉన్న కుర్రాడు అన్నిటిలాగే దాన్నీ కాల్చాడు. 4280 వచ్చింది. అదే రాసి పంపాడు.

టెస్టు పెట్టినవాళ్ళు తేల్చిన విలువ 4420. ల్యాబు చెప్పిన అంకెకూ దానికీ ఉన్న తేడాను, ఈ పరీక్షకు ముందే పెట్టుకున్న 40తో భాగించారు. అదే జెడ్ స్కోరు. అటైనా ఇటైనా రెండు దాటకపోతే బాగున్నట్టు, మూడుకు చేరితే పనిలో ఎక్కడో లోపం ఉన్నట్టు. మొదటి ల్యాబుకు 0.2 వచ్చింది. స్వీట్లు పంచారు, కాగితానికి ఫ్రేము కట్టించారు. రెండో ల్యాబుకు మైనస్ 3.5, పైగా చీవాట్లు.

చీవాట్లు తిన్నవాళ్ళు రిజిస్టర్లు తిరగేశారు. అంతకుముందే కెలోరీమీటర్‌లో పాత బాంబు (పొడిని కాల్చే పాత్ర) తీసి కొత్తది పెట్టారు. అది కాస్త బరువైనది. మిషన్ తానెంత వేడి పీల్చుకుంటుందో చెప్పే అంకె, అంటే వాటర్ ఈక్వివలెంట్, మాత్రం పాతదే వాడుతున్నారు. కొత్తది అదనంగా పీల్చుకునే వేడి లెక్కలోకి రాక, ప్రతి శాంపిలూ తక్కువే చూపిస్తోంది. ఆ సాయంత్రమే బిళ్ళలు కాల్చి సరిచేశారు.

మొదటి ల్యాబులో ట్రెయినీ మళ్ళీ సీట్లోకొచ్చాడు. పొడి ఆరిందో లేదో చూడకుండా ఒక్కసారే కాల్చి రాసే అలవాటు అతనికి అలాగే ఉంది. ఒక గూడ్సు రైలు బొగ్గుకు జీ11 రాశాడు. తక్కువ రేటుకు బిల్లు పోయింది. తగాదా వచ్చి, విడిగా దాచిన రెఫరీ శాంపిల్ కాల్పిస్తే జీ10 అని తేలింది.

నీతి: టెస్టు సీసాను మామూలు శాంపిల్ లాగే చూడాలన్న నియమం ఇందుకే ఉంది. జెడ్ స్కోరు చెప్పేది ఆ సీసాను కాల్చిన చేతి గురించే. ఆ చెయ్యీ రోజూ రైలు బొగ్గును కాల్చే చెయ్యీ వేరైతే, 0.2 వచ్చినా దాన్ని చూసి కొనేవాడు గానీ అమ్మేవాడు గానీ నమ్మడానికేమీ లేదు.